గుండెదడ పుట్టినప్పుడు విశ్వాసి యేమి చేయవలెను?

పఠన భాగములు: న్యాయాధిపతులు 6:36–40; 7:9–15; యెషయా 38:1–5, 21; మత్తయి 6:25–34



గడచిన వర్షకాలమున ఒక రాత్రి పదకొండు గంటలు దాటిన తరువాత ఉప్పునుంతలలోని మా యింటి తలుపు ఎవరో తట్టిరి. తెరచి చూడగా మన సంఘపు యువకుడొకడు నిలిచియుండెను. అతడు హైదరాబాదులో కారు నడుపుకొని బ్రదుకువాడు. తల్లిని చూచుటకు ఊరికి వచ్చియుండెను. ఒక చేయి రొమ్ముమీద పెట్టుకొని, "అయ్యగారూ, గుండె దడదడ కొట్టుకుంటుంది. నడుమల ఒకసారి ఆగినట్టయితుంది. నాకేమైతదో జర చూడుండ్రి" అనెను.

మేము అతనిని మంచముమీద కూర్చుండబెట్టి అడిగితిమి. రొమ్ములో నొప్పి లేదు. కండ్లు తిరుగలేదు. ఊపిరి ఆడుచున్నది. ఆ నెలలోనే పట్నములో రెండు మారులు ఇ.సి.జి. తీయించుకొనెను, రెండు మారులును గుండె బాగుగానే యున్నదని డాక్టర్లు చెప్పిరి. మణికట్టు పట్టుకొని గడియారము చూచి లెక్కించితిమి. నాడి నిమిషమునకు 112 కొట్టుచుండెను. అమ్మగారు మంచినీళ్లు ఇచ్చిరి. అతని తల్లిని గూర్చియు, పంటను గూర్చియు మాటలాడుచు కూర్చుంటిమి. అరగంట తరువాత మరల చూడగా 84 ఉండెను.

అతని నాడి పట్టుకొనిన మా వ్రేళ్లకు ఆ పని క్రొత్త కాదు. మేమును కొన్ని నెలలపాటు మా నాడిని మేమే రహస్యముగా పట్టి చూచుకొనినవారమే. ఆ సంగతి ముందుకు చెప్పుదుము. అతనివలె రాత్రులందు మెలకువగా నుండి తమ గుండె చప్పుడును తామే వినుచున్నవారు మన సంఘములలో అనేకులు గలరు. కనుక ఈ నెల పాఠమును వారికొరకు వ్రాయుచున్నాము.

1. గుండెదడ అనగా నేమి?

మన గుండె పిడికిలంత కండరము. అది నెమ్మదిగా నున్నప్పుడు పెద్దవారిలో నిమిషమునకు సాధారణముగా 60 మొదలు 100 మారుల వరకు కొట్టుకొనును. ఒక దినమునకు లెక్క కట్టిన రమారమి లక్ష మారులు. ఆ లక్షను మనము వినము. మోటారు నీళ్లు పోయుచున్నంతసేపు దాని చప్పుడు రైతు చెవికి పట్టదుగదా! చప్పుడు మారినప్పుడే తల యెత్తి చూచును. అట్లే గుండె వేగము హెచ్చినప్పుడు గాని, ఒక దెబ్బ తప్పినట్లు తోచినప్పుడు గాని మనము ఉలికిపడుదుము. దానినే గుండెదడ యందుము.

దెబ్బ తప్పినట్లు తోచుట యేమనగా, ఒక దెబ్బ తన సమయముకంటె ముందుగా వచ్చును. దాని వెంబడి గుండె కొంచెము ఎక్కువసేపు ఆగును. ఆ ఆగిన వేళ రక్తము ఎక్కువగా నిండును గనుక తరువాతి దెబ్బ బలముగా కొట్టును. ఆగిపోయెనని మనము భయపడినది ఆ చిన్న విరామమునే. ఆరోగ్యవంతులలో సహా అనేకులకు ఇట్టి దెబ్బలు అప్పుడప్పుడు వచ్చుచుండును. చాయ ఎక్కువగా త్రాగుట, బీడీ, జర్దా, గుట్కా, కల్లు, నిద్రలేమి, జ్వరము, ఎండలో నీళ్లు త్రాగక పని చేయుట, ఇవి దడను హెచ్చించును. రక్తము తక్కువగుటయు, గొంతులోని థైరాయిడ్ గ్రంథి అధికముగా పని చేయుటయు కారణములు కావచ్చును. కొందరిలో గుండె జబ్బే కారణము కావచ్చును. కాబట్టి ప్రతి దడయు మరణ దూత కాదు. ప్రతి దడయు నవ్వి త్రోసివేయదగినదియు కాదు.

2. భయము దడను ఎట్లు పెంచును?

పొలములో పాము కనబడినప్పుడు మన శరీరము పరుగెత్తుటకు సిద్ధపడును. మూత్రపిండములమీద నున్న చిన్న గ్రంథులు ఒక రసమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి వేగిరపడును. ఇది సృష్టికర్త మన మేలుకొరకు పెట్టిన యేర్పాటు. అయితే పాము లేకయే, "నా గుండె ఆగునేమో" అను తలంపు వచ్చినను శరీరము అట్లే సిద్ధపడును. గుండె మరింత కొట్టుకొనును. ఆ చప్పుడు విని భయము మరింత హెచ్చును. ఊపిరి వేగిరపడుటచేత వ్రేళ్లు తిమ్మిరెక్కును, రొమ్ము బిగిసినట్లుండును. ఎద్దు గానుగ చుట్టు తిరిగినట్లు దడ భయమును, భయము దడను త్రిప్పుచుండును. అట్టి భయము సాధారణముగా కొద్ది నిమిషములలో శిఖరమునకెక్కి తరువాత దానంతట అదే దిగును.

ఇది క్రొత్త సంగతి కాదు. అమెరికా దేశమున 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగినప్పుడు అనేకమంది సిపాయిలు గుండెదడతో ఆస్పత్రులకు వచ్చిరి. జేకబ్ డా కోస్టా అను వైద్యుడు వారిని పరీక్షించి 1871లో దానిని గూర్చి వ్రాసెను. దానికి సిపాయి గుండె అను పేరు వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లాండులో థామస్ లూయిస్ అను వైద్యుడు అట్టివారిని మంచములమీద పరుండబెట్టక క్రమక్రమముగా వ్యాయామము చేయించి అనేకులను తిరిగి పనిలో నిలువబెట్టెను. ఆ సిపాయిలు పిరికివారు కారు. వారు పడినది నటన కాదు. దడ నిజమైనదే, బాధయు నిజమైనదే.

మన కాలములో యుద్ధము లేకున్నను సెల్‌ఫోను ఉన్నది. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏండ్ల వయస్సులో అకస్మాత్తుగా మరణించినప్పుడు, బెంగళూరులోని జయదేవ గుండె ఆస్పత్రికి పరీక్షలకొరకు వచ్చువారి సంఖ్య మిక్కిలి పెరిగెను. 2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏండ్లకే మరణించెను. 2023 ఫిబ్రవరి 18న నటుడు తారకరత్న చిన్న ప్రాయముననే కన్నుమూసెను. ఈ కబురులు నిమిషములలో మన పల్లెల రచ్చకట్టల మీదికి వచ్చెను. వారి కుటుంబముల దుఃఖము నిజమైనది. అట్టి మరణముల వలన కొందరు తమ రక్తపోటును చూపించుకొనిరి, అది మేలు. మరికొందరు ఆ దినము మొదలు తమ రొమ్ముమీదనుండి చేయి తీయలేకపోయిరి.

3. మేము చేసిన మొదటి తప్పు

కొన్ని ఏండ్ల క్రిందట ఒక సహోదరి ఆరాధన తరువాత మా యొద్దకు వచ్చి, "నాలుగు అడుగులేస్తే గుండె దడ అయ్యగారూ, ఆయాసమొస్తుంది" అని చెప్పెను. మేము ఆమెను దవాఖానకు వెళ్లుమని చెప్పలేదు. "అమ్మా, చింతపడువారికి ఇట్లే యుండును, విశ్వాసముతో ప్రార్థించుము" అని తలమీద చేయి ఉంచి పంపివేసితిమి. రెండు నెలల పిమ్మట ఆమె పత్తి చేనిలో కూలబడెను. పరీక్ష చేయగా హిమోగ్లోబిన్ 6 మాత్రమే యుండెను. స్త్రీకి 12 ఉండవలెను. రక్తము ఎక్కించి, ఇనుపధాతువు మాత్రలు ఇచ్చిరి. కొన్ని నెలలకు ఆమె కోలుకొనెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత గలదని తేలెను. ఆ సంగతి తెలిసికొనవలసిన కాపరి తెలిసికొనలేదు.

ఆమె మాతో కోపముగా మాటలాడలేదు. "విశ్వాసం తక్కువైందనుకొని రెండు నెలలు మందిరంల తలెత్తలేదు అయ్యగారూ. తక్కువైంది రక్తమట" అనెను. ఆ మాట మేము మరువలేము. మేము క్షమాపణ అడిగితిమి, ఆమె క్షమించెను.

యెషయా 38వ అధ్యాయము చదువుడి. హిజ్కియా రాజు మరణకరమైన రోగమున పడి గోడతట్టు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించెను. దేవుడు ఆలకించి 15 సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెను. అంతటితో ప్రవక్త ఊరకుండెనా? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టుమని చెప్పెను. ప్రార్థన ఆలకించిన దేవుడే మందు కట్టించెను. మన ప్రాంతమునకు సువార్త వచ్చిన విధమును జ్ఞాపకము చేసికొనుడి. మెన్నొనైట్ బ్రదరన్ మిషనుకు చెందిన డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో మన దేశమునకు వచ్చి, 1945లో ఇచ్చటనే మరణించువరకు రోగులకు సేవ చేసెను. జడ్చర్లలో మిషను ఆస్పత్రి వెలసెను. బైబిలు పట్టుకొని వచ్చిన వారు మందుల పెట్టెను విడిచి రాలేదు. కనుక దవాఖానకు వెళ్లుట విశ్వాస లోపమని ఎవరును అనకూడదు.

4. మేము చేసిన రెండవ తప్పు

సెమినరీలో మాతో చదివిన సేవకుడొకడు గుండెపోటుతో మరణించెను. ఆ భూస్థాపన నుండి తిరిగి వచ్చిన రాత్రి మాకు దడ ప్రారంభమాయెను. డాక్టరు పరీక్షించి, రక్తము చూచి, ఇ.సి.జి. తీసి, బాగుగానే యున్నదనెను. ప్రాణము తేలికపడెను, రెండు దినములు సుఖముగా నిద్రించితిమి. మూడవ దినమున ఒక తలంపు పుట్టెను: "ఆ కాగితము తీసిన నిమిషమున బాగుండెను సరే, ఇప్పుడో?" మరియొక డాక్టరు, మరియొక ఇ.సి.జి. ఆ తరువాత ఇంకొకటి. ప్రసంగ పీఠముమీద నిలిచి, బైబిలు చాటున మణికట్టు పట్టుకొని లెక్కించుచు, చింతపడకుడని మేము బోధించిన ఆదివారములు గలవు. చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

అట్టి దినములలో గిద్యోను చరిత్ర మాకు క్రొత్తగా కనబడెను. అతడు కళ్లములో గొఱ్ఱెబొచ్చు పరచి దేవుని గురుతు అడిగెను. బొచ్చు తడిసి నేల ఆరియుండెను. చాలలేదు. మరునాడు నేల తడిసి బొచ్చు ఆరియుండవలెనని అడిగెను. దేవుడు విసుగుకొనక అదియు చేసెను. గొంగడి నేయు మన పల్లెల వారికి తడిసిన ఉన్ని సంగతి బాగుగా తెలియును. మా ఇ.సి.జి. కాగితములు గొఱ్ఱెబొచ్చులే గదా! ఒకటి చాలలేదు, రెండు చాలలేదు. అయితే గిద్యోను మూడవ మారు బొచ్చు పరచలేదు. లేచి దండువెంట నడచెను. మేము మూడవదియు పరచితిమి.

గురుతు ఎన్ని మారులు అడిగినను భయమునకు తృప్తి కలుగదు. అది అడుగుచున్నది ఈ దినమునకు ధైర్యము కాదు, ఎన్నటికిని చావనను హామీపత్రము. అట్టి పత్రమును ఏ డాక్టరును వ్రాయలేడు. హిజ్కియాకు దొరికినదియు 15 సంవత్సరములే. చింతించి తన ఆయుష్షును మూరెడైనను పొడిగించుకొనగలవాడు లేడని ప్రభువు మత్తయి 6:27లో మనకు తెలియజేసెను. మన గుండె ఒక దినమున ఆగును. విశ్వాసి చేయవలసినది ఆ దినమును కనుగొనుట కాదు. ఆ దినమును ఎరిగినవాని చేతికి దానిని అప్పగించి నేటి పనికి లేచుట.

మరియొక మాట జాగ్రత్తగా వినుడి. ప్రార్థనకూడ నాడి చూచుకొనుట వంటిది కావచ్చును. "ప్రభువా, నాకేమియు కాదుగదా" అని గంటకు పదిమారులు అడిగి, లోపల నెమ్మది కలిగినదా లేదా అని వెదకుచుండిన యెడల, అది మరల మరల బొచ్చు పరచుటయే. "ప్రభువా, ఈ గుండె నీది, కొట్టుకొనుచున్నంత కాలము దీనిని నీ పనికి వాడుకొనుము" అని ఒక్కమారు చెప్పి లేచుట మేలు. మాకు దడ ఒక్క దినముతో పోలేదు. చేయి తీసినది మొదట; దడ తగ్గినది తరువాత.

5. చేయవలసిన పనులు

మొదటిది: దడ క్రొత్తగా వచ్చిన యెడల, లేక మాటిమాటికి వచ్చుచున్న యెడల, ఒకసారి సరిగా పరీక్ష చేయించుకొనుడి. రక్తపోటు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, ఇ.సి.జి. వీటిలో ఏది అవసరమో డాక్టరు చెప్పును. అచ్చంపేట సర్కారు దవాఖాన ఉన్నది; నాగర్‌కర్నూలులో 2022లో వైద్య కళాశాల ప్రారంభమైనది. భయపడిన ప్రతిమారును గ్లూకోజు సీసా ఎక్కించుకొనుట పరీక్ష కాదు.

రెండవది: ఆలస్యము చేయకూడని గురుతులు గలవు. రొమ్ములో బరువైన నొప్పి పుట్టి చేతికి గాని దవడకు గాని వీపునకు గాని ప్రాకుట, చల్లని చెమటలు, స్పృహ తప్పుట, ఊపిరి ఆడకపోవుట, నెమ్మదిగా కూర్చున్నను దడ ఎంతకును తగ్గకుండుట. ఇట్టివి కనబడిన యెడల, "గ్యాసు" అని సోడా త్రాగి పరుండక వెంటనే 108కి ఫోను చేయుడి. అంతకుముందే గుండె జబ్బు గలవారును, చిన్నతనమున కీళ్లవాపు జ్వరము వచ్చినవారును, ఇంటిలో చిన్న వయస్సున అకస్మాత్తుగా మరణించినవారు గలవారును, గర్భిణీలును దడను డాక్టరుకు తప్పక తెలుపవలెను.

మూడవది: గుండె బాగున్నదని తేలిన పిమ్మట, మరల ఎప్పుడు రావలెనని డాక్టరునే అడుగుడి. ఆయన చెప్పిన దినము వరకు, క్రొత్త గురుతు లేనియెడల, మరియొక పరీక్ష వద్దు. నాడిమీదనుండి వ్రేలు తీయుడి. తీసిన మొదటి దినములలో భయము హెచ్చును. ఓర్చుకొనిన యెడల తగ్గును.

నాలుగవది: దడ వచ్చినప్పుడు పరుగెత్తకుడి. కూర్చుండి మెల్లగా ఊపిరి పీల్చి, పీల్చినదానికంటె నిదానముగా విడువుడి. తరువాత చేయుచున్న పనినే తిరిగి చేయుడి. దినమును నడువుడి. చాయ తగ్గించుడి, బీడీ, గుట్కా, కల్లు మానుడి. నిద్రకు ముందు ఫోనులో మరణ వార్తలు చూడకుడి.

ఐదవది: భయమే జబ్బుగా మారిన యెడల దానికిని వైద్యము గలదు. నేర్పుగలవారు మాటల ద్వారా చేయు చికిత్స ఉన్నది. అవసరమైన యెడల మందులున్నవి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. ఇది పిచ్చివారికి మాత్రమే యని తలంచి సిగ్గుపడకుడి.

6. సంఘము చేయవలసిన పని

భయపడిన గిద్యోనుతో దేవుడు ఎట్లు వ్యవహరించెనో చూడుడి. భయపడువారు ఇంటికి పోవచ్చునని చెప్పగా 22,000 మంది వెళ్లిపోయిరి. వారిని పంపిన నాయకుడే ఆ రాత్రి భయపడుచుండెను! దేవుడు అతనిని గద్దింపలేదు. వెళ్లుటకు భయమైన యెడల నీ పనివాడైన పూరాను తోడు తీసికొని దిగుమనెను. ఆ చీకటిలో పూరా ఏమి ప్రసంగించెనో వ్రాయబడలేదు. అతడు ప్రక్కన నడచెను, అంతే.

మన సంఘములకు పూరాలు కావలెను. "నీకేం రోగం, మంచిగనే ఉన్నవు" అని నవ్వువారు వద్దు. "ఏ పాపము చేసితివో" అనువారు అసలే వద్దు. దవాఖానకు మొదటిమారు తోడు పోవువారు కావలెను. పదవమారు పోవుదునన్నప్పుడు చేయి పట్టుకొని, "ఈ దినము వద్దు తమ్ముడా, రా, వాగు దాక నడిచి వద్దాం" అని ప్రేమతో ఆపువారును కావలెను.

ఆ రాత్రి వచ్చిన యువకునితో మేము మా సంగతి అంతయు చెప్పితిమి. అతడు ఆశ్చర్యపడి, "మీకు గూడనా అయ్యగారూ?" అనెను. ఆ తరువాత మొదటిమారు నవ్వెను. రాత్రి బండ్లు నడుపుచు ఎనిమిది తొమ్మిది చాయలు త్రాగుట అతని అలవాటు, దానిని తగ్గించెను. దడ ఇప్పటికిని అప్పుడప్పుడు వచ్చుచున్నది. వచ్చినను బండి నడుపుచున్నాడు, తల్లికి డబ్బు పంపుచున్నాడు, ఊరికి వచ్చినప్పుడు మందిరములో వాక్యము చదువుచున్నాడు.

గృహ ప్రార్థన కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. హిజ్కియా ప్రార్థనయు అంజూరపు ముద్దయు ఒకదానికొకటి విరోధమా? ఎందుకు?
2. గిద్యోను మూడవ మారు బొచ్చు పరచియుండిన యెడల అతని భయము పోయియుండునా?
3. మన వీధిలో రక్తహీనతతో గాని భయముతో గాని బాధపడుచున్నవారెవరు? ఈ వారము వారికి తోడు పోవువారెవరు?

ప్రార్థన: మా గుండెలను నిర్మించిన తండ్రీ, నిద్రలోను మెలకువలోను మేము ఎంచలేని ప్రతి దెబ్బను నీవు ఎరుగుదువు. పరీక్ష చేయించుకొనుటకు వినయమును, చేయించుకొనిన తరువాత విశ్రమించుటకు ధైర్యమును మాకు దయచేయుము. భయపడువారి ప్రక్కన నడచువారినిగా మమ్మును చేయుమని ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.